చెన్నపట్నమా, వాల్తేరా: బ్రాడీపేట న్యాయవిద్యార్థుల ప్రయాణములు

గుంటూరు ఉన్నచోటనే ఉన్నది. అయినను, గుంటూరు విద్యార్థి ఏ విశ్వవిద్యాలయమునకు చెందినవాడను ప్రశ్నకు నూటయిరువది యేండ్లలో మూడు సమాధానములు వచ్చినవి. 1857లో వెలసిన మదరాసు విశ్వవిద్యాలయపు పరీక్షలకు ముత్తాత కూర్చుండెను. 1926 నాటి చట్టముచే ఏర్పడిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పట్టాను తాత అందుకొనెను. 1976లో నంబూరు చెంత నాగార్జున విశ్వవిద్యాలయము అవతరింపగా తండ్రి దాని తొలితరము పట్టభద్రులలో ఒకడయ్యెను. ఒకే యింటి గోడమీద మూడు విశ్వవిద్యాలయముల ముద్రలు గల పటములు వ్రేలాడు కుటుంబములు ఈ పట్టణమున అరుదు కావు. తక్కిన శాస్త్రములను అభ్యసించువానికి ఈ మార్పు కేవలము ముద్రలో మార్పే. రసాయనశాస్త్రము మదరాసున ఒకరీతిగను వాల్తేరున వేరొకరీతిగను ఉండదు. న్యాయశాస్త్రము చదువువాని సంగతి అట్లు కాదు. పట్టా చేతబట్టుకొని అతడు ఏ న్యాయస్థానము వాకిట నిలువవలెనో, ఆ న్యాయస్థానమెక్కడ ఉన్నదో, దాని ద్వారము ఎవరికి తెరచుకొనునో, వీనినిబట్టియే అతని చదువునకు చోటు కుదురుచు వచ్చినది. ఒక విశ్వవిద్యాలయమును విడిచి మరియొకదానికి పోవుటయా, ఉన్నచోటనే ఉండుటయా అని నేడు న్యాయవిద్యార్థులు పడు తర్జనభర్జన క్రొత్తది కాదని, బ్రాడీపేట ఆ ప్రశ్నతోడనే పెరిగినదని చెప్పుటకే ఈ వ్యాసము.

బ్రాడీపేటయు, దాని పొరుగున నున్న అరండల్‌పేటయు పాత గుంటూరు వలె సందుగొందులుగా అల్లుకొన్నవి కావు. లైనులును, వానిని ఖండించు అడ్డరోడ్లును గీచి, గళ్ళుగా విభజించి కట్టిన పేటలవి. నాల్గవ లైనున పదునాల్గవ అడ్డరోడ్డు చెంత నివసించువాడు 4/14 అని వ్రాసినచో చాలును, ఉత్తరము చేరును. 1904లో కృష్ణా, నెల్లూరు మండలముల భాగములతో గుంటూరు మండలము ప్రత్యేకముగా ఏర్పడిన పిమ్మట, కచేరీలతోపాటు వకీళ్ళును ఈ పట్టణమునకు వచ్చి చేరిరి. బందరులో న్యాయవాదిగా ఉండి, 1902లో కృష్ణాపత్రిక స్థాపనలో పాలుగొన్న కొండా వెంకటప్పయ్యగారు జన్మస్థానమైన గుంటూరునకు తిరిగివచ్చినది ఆ సందర్భముననే. వీధి అరుగు, అరుగు వెనుక ఆఫీసు గది, గదినిండ మదరాసు లా జర్నల్ సంపుటములు, గుమాస్తా బల్లపై వకాల్తా కాగితములు: ఇట్టి యిండ్లు క్రమముగా పెరిగినవి. పల్నాటినుండి, సత్తెనపల్లి, నరసరావుపేట, బాపట్ల తాలూకాలనుండి కక్షిదారులు వేకువననే వచ్చి అరుగులమీద కూర్చుండెడివారు. పత్తి, మిరప, పొగాకు బేరములలో పుట్టిన ప్రామిసరీ నోట్లు, 1908 నాటి ఎస్టేటు భూముల చట్టమునుబట్టి జమీందారులకును రైతులకును నడచిన తగవులు, 1938లో వచ్చిన రైతు ఋణవిమోచన చట్టము క్రింద దాఖలైన దరఖాస్తులు, ఇవియన్నియు ఆ గదులకు జీవనాధారములు. నల్లరేగడి భూమిలో పండిన ధనము కొంత కోర్టు ఫీజుగా ఖర్చయినది. కొంత కుమారుని లా చదువుగా మారినది.

ఆ చదువు మొదట ఒక్క చెన్నపట్నముననే లభించెడిది. 1891లో ప్రత్యేక కళాశాలగా రూపొందిన మదరాసు లా కాలేజి, 1892లో పూర్తియైన హైకోర్టు భవనపు ఆవరణముననే ఉండుట దాని గొప్ప విశేషము. ఉదయము తరగతిలో విన్న న్యాయసూత్రమును మధ్యాహ్నము పొరుగు భవనమున ఒక మహాన్యాయవాది ఏ విధముగా వినియోగించునో విద్యార్థి కన్నులార చూడగలిగెడివాడు. 1899లో బెజవాడ మదరాసు రైలుమార్గము ఏర్పడువరకు ఈ మండలమువారు దక్షిణమునకు పోవుటకు కాలువ పడవలును తోడ్పడినవి. కొమ్మమూరు కాలువ పెదగంజాము చెంత బకింగుహాము కాలువతో కలియును గనుక కృష్ణాతీరమున పడవ యెక్కినవాడు నీటిమీదుగనే చెన్నపట్నము చేరగలిగెడివాడు. రైలు వచ్చినతోడనే రోజుల ప్రయాణము ఒక్క రాత్రికి కుదించుకొనిపోయినది, లా కాలేజిలో తెలుగు విద్యార్థుల సంఖ్యయు హెచ్చినది.

అయితే నాటి న్యాయవృత్తి ఒకే మెట్టుగా లేదు. రెండవ తరగతి ప్లీడరు, మొదటి తరగతి ప్లీడరు, పట్టభద్రుడై బి.ఎల్. పూర్తిచేసిన వకీలు, ఇంగ్లండులో చదివి వచ్చిన బారిష్టరు అని అంతరములుండెడివి. ఏ మెట్టుమీది వానికి ఏ కోర్టువరకు ప్రవేశమో నిబంధనలు నిర్ణయించెడివి. ఈ అంతరముల బరువును అనుభవించి, దానిని దాటుటకు సముద్రమును దాటిన మహానుభావుడు ఒంగోలు ప్రాంతపు టంగుటూరి ప్రకాశంగారు. పట్టభద్రులు కాకపోవుటచే వారు రెండవ తరగతి ప్లీడరుగా రాజమహేంద్రవరమున వృత్తి సాగించి, ధనమును కీర్తిని ఆర్జించి, పురపాలక సంఘాధ్యక్షులు కూడ అయిరి. అంత ఎదిగినను హైకోర్టున వాదించు హక్కు వారికి లేదు. 1904లో, నడుచుచున్న వృత్తిని నిలిపివేసి, ముప్పదిరెండేండ్ల వయస్సున విద్యార్థియై లండను వెళ్ళి, బారిష్టరు పరీక్షలో కృతార్థులై 1907లో తిరిగివచ్చి మదరాసున స్థిరపడిరి. న్యాయవిద్యకై చోటు మారినవారి చరిత్రలో నా దృష్టికి దీనికి మించిన ఉదాహరణము లేదు. వారు వెళ్ళినది లండను పేరునకై కాదు. రాజమహేంద్రవరమున తమకు మూతపడియున్న ఒక తలుపు లండనులో తెరచుకొనునని స్పష్టముగా ఎరిగి వెళ్ళిరి.

తరువాతి దశకమున ఈ ప్రాంతమువారికి డబ్లిన్ నగరమును ఒక న్యాయవిద్యాక్షేత్రమయ్యెను. గుంటూరున ప్లీడరుగా ఉండిన ఉన్నవ లక్ష్మీనారాయణగారును, పిదప తెనాలిలో స్థిరపడిన త్రిపురనేని రామస్వామి చౌదరిగారును మొదటి ప్రపంచయుద్ధకాలమున ఐర్లండున బారిష్టరు చదివినవారే. ఆ దేశము స్వాతంత్ర్యమునకై తపించుచున్న దినములవి. లా పుస్తకములతోపాటు వారు అక్కడినుండి తెచ్చుకొన్న ధీరత్వము మన సాహిత్యమునకును సంఘసంస్కారమునకును ఎంత మేలు చేసినదో ఆంధ్రులకు వేరుగా చెప్పనక్కరలేదు. ఒక చోటినుండి మరియొక చోటికి పోయి చదువుటలో పాఠ్యపట్టికకు అందని లాభమొకటి కలదని వారి జీవితములు చూపుచున్నవి. కాని అట్టి లాభము ముందుగా లెక్కకట్టి పోయినవానికి చిక్కునది కాదు.

1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బెజవాడ కేంద్రముగా ఏర్పడినప్పుడు గుంటూరువారు మిక్కిలి సంతసించిరి. బెజవాడ కూతవేటు దూరమున నున్నది. నాలుగేండ్లకే, 1930లో, కేంద్రము వాల్తేరునకు తరలిపోయెను. పటము చూచినచో గుంటూరునుండి వాల్తేరునకును చెన్నపట్నమునకును దూరము ఇంచుమించు సమానము. అనగా మన విశ్వవిద్యాలయము మనకు ఏర్పడినను మన ముంగిటికి రాలేదు. పైగా అందు న్యాయశాస్త్రశాఖ 1945 వరకు లేదు. కావున ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఏర్పడి రెండు దశకములు కావచ్చువరకు గుంటూరు యువకుడు ఏ.సి. కళాశాలలోనో హిందూ కళాశాలలోనో బి.ఏ. చదివి, ఆంధ్ర పట్టా పొంది, లా చదువుటకు మాత్రము పాత విశ్వవిద్యాలయపు గుమ్మము త్రొక్కవలసియే వచ్చెను. ఆ నడుమ ఒక చిత్రము జరిగినది. 1942 ఏప్రిలు 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపై బాంబులు వేయుటయు, వాల్తేరు భవనములు సైనికావసరములకు పోవుటయు తటస్థింపగా, విశ్వకళాపరిషత్తే గుంటూరునకు వలస వచ్చెను. విద్యార్థి విశ్వవిద్యాలయమును వెదకికొని పోవలసిన యూరికి విశ్వవిద్యాలయమే కొన్ని సంవత్సరములు అతిథియై వచ్చినది. యుద్ధము ముగియగనే అది మరల సముద్రతీరమునకు వెళ్ళిపోయినది.

1945 తరువాత బ్రాడీపేట అరుగులమీద నిజమైన మీమాంస ఆరంభమైనది. రెండు దారులు ఏర్పడినవి గదా! మిరపకాయల బస్తాలు అమ్మి వచ్చిన రైతు, దారిలో పరిచయమున్న వకీలుగారి ఆఫీసుకు వచ్చి, "ప్లీడరుగారూ, మావాణ్ణి పట్నంలో చేర్చమంటారా, వాల్తేరు పంపమంటారా?" అని అడిగెడివాడు. "ముందు వాడి చేత ప్రాక్టీసు ఎక్కడ పెట్టిద్దామనుకుంటున్నారో చెప్పండి బాబాయిగారూ, కాలేజీ సంగతి తరువాత చూద్దాం" అనునది అనుభవజ్ఞుడైన వకీలు ఇచ్చెడి సమాధానము. ఆ సమాధానములో ఎంతో వివేకమున్నది. మదరాసు పద్ధతిలో ఎఫ్.ఎల్., బి.ఎల్. అను రెండంచెల పరీక్షలు ముగిసిన తరువాత, ఒక సీనియరు చెంత సంవత్సరము పాటు అప్రెంటిసుగా ఉండవలెను. హైకోర్టు చెన్నపట్నముననే యున్నది. పేరుపొందిన తెలుగు సీనియర్లు మైలాపూరున నివసించుచుండిరి. కాలేజి కోర్టు ఆవరణముననే యున్నది. కాబట్టి హైకోర్టు వృత్తిని ఆశించువాడు వాల్తేరున చదివినను చివరకు పట్నమునకు పోక తప్పదు. గుంటూరు సబుకోర్టులోనో జిల్లా కోర్టులోనో తండ్రి చేతిక్రింద కూర్చుండువానికి వాల్తేరు చాలును. మొదటి సంవత్సరము ఒకచోట ముగించి రెండవ సంవత్సరము వేరొకచోట చదువవచ్చునా అని అడిగినవారికి అనుభవజ్ఞులు సాధారణముగా వలదనియే చెప్పెడివారు; పాఠ్యక్రమము ఇరుచోట్ల ఒకే వరుసలో నడువదు, ఒకచోట ముగిసిన కాంట్రాక్టు చట్టము వేరొకచోట మరల రావచ్చును, ఒకచోట రానున్న హిందూ లా అక్కడ అప్పటికే దాటిపోయి యుండవచ్చును.

చోటు మారక తప్పనివారును ఉండిరి. వారి కథలను విస్మరించినచో ఈ చరిత్ర అసమగ్రము. రాజమహేంద్రవరమున జన్మించిన దుర్గాబాయి గారు ఉప్పు సత్యాగ్రహమున కారాగారమునకు పోయివచ్చి, ఆగిపోయిన చదువును కాశీ హిందూ విశ్వవిద్యాలయమున సాగించిరి. అచ్చట రాజనీతిశాస్త్రము స్త్రీలకు తగినది కాదను అభిప్రాయము అడ్డువచ్చుటచే ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు వచ్చిరి. ఇచ్చట స్త్రీలకు వసతిగృహము లేదను ఆక్షేపణ ఎదురైనది. మరికొందరు విద్యార్థినులను కూడగట్టి ఆ వసతిని తామే ఏర్పరచుకొనిరి. న్యాయశాస్త్రము చదువుటకు మరల మదరాసు లా కాలేజి చేరి, పట్టా పొంది, న్యాయవాదిగా నమోదైరి. పిదప రాజ్యాంగ పరిషత్తున సభ్యురాలైరి. కాశీ, వాల్తేరు, మదరాసు: మూడు విశ్వవిద్యాలయములు ఆమె నడచిన మార్గమున ఉన్నవి. ప్రతి మలుపున ఒక అడ్డంకి యుండెను. ఆమె అడ్డంకి గల చోటు విడిచి, దారి గల చోటునకు కదలిరి.

నైజాము రాజ్యమున వేరొక విధముగా జరిగినది. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయమున వందేమాతరము పాడినందులకు మూడువందలకు పైబడిన విద్యార్థులు బహిష్కృతులైరి. నాగపుర విశ్వవిద్యాలయము వారికి ఆశ్రయమొసగెను. వరంగల్లున ఇంటర్ చదువుచుండిన పి.వి. నరసింహారావుగారు ఆ విధముగా నాగపురము చేరి, నడుమ పూనాలో చదివి, న్యాయశాస్త్ర పట్టాను నాగపురముననే పొంది, తిరిగివచ్చి బూర్గుల రామకృష్ణారావుగారి చెంత జూనియరుగా చేరిరి. ఒక విశ్వవిద్యాలయము త్రోసివేసిన విద్యార్థిని మరియొక విశ్వవిద్యాలయము చేరదీయుటలో ఎంతటి ఉదారత యున్నదో తలచుకొనినప్పుడెల్ల నా మనస్సు నిండును. నేడు మార్పు కోరు విద్యార్థి చేతబట్టుకొను బదిలీ పత్రము, నిరభ్యంతర పత్రము, మైగ్రేషన్ సర్టిఫికెట్టు మొదలగు కాగితములలో ఏ ఒక్కటియు ఆనాటి బహిష్కృతులకు సులభముగా లభించియుండదు. అయినను నాగపురము తలుపు తెరచెను.

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మవతరించినది. 1937 నవంబరున కాశీనాథుని నాగేశ్వరరావుగారి శ్రీబాగు భవనమున కుదిరిన ఒడంబడికలో విశ్వవిద్యాలయ కేంద్రములు, రాజధాని, హైకోర్టు అను మూడింటిని కోస్తా, రాయలసీమల నడుమ న్యాయముగా పంచుకొనవలెనను భావమున్నది. విశ్వవిద్యాలయమును, న్యాయస్థానమును ఆ పెద్దలు ఒకే కాగితముపై చేర్చి ఆలోచించుట గమనింపదగినది. రాజధాని కర్నూలు కాగా, 1954 జులై 5వ తేదీన గుంటూరున ఆంధ్ర హైకోర్టు ప్రారంభమయ్యెను. కోకా సుబ్బారావుగారు ప్రధాన న్యాయమూర్తులైరి. అంతవరకు మైలాపూరున ఉండిన తెలుగు న్యాయవాదులు పెట్టె బేడా సర్దుకొని గుంటూరునకు వచ్చిరి. బ్రాడీపేటలోను అరండల్‌పేటలోను అద్దె యిండ్లకు గిరాకి పెరిగినది. లా చదివిన యువకుడు, పట్నమునకు పోవలసిన అవసరము లేక, తన వీధిలోనే హైకోర్టు సీనియరును చూడగలిగెను. ఆ రెండేండ్లును బ్రాడీపేట చరిత్రలో వసంతకాలము. ఆ రెండేండ్లే కొనసాగియుండినచో ఈ పట్టణమున ఎట్టి న్యాయవిద్యాపీఠము వెలసియుండెడిదో ఊహించుటకు నాకు సంకోచము లేదు. 1956 నవంబరున ఆంధ్రప్రదేశము ఏర్పడగా హైకోర్టు హైదరాబాదునకు తరలిపోయెను. దాని వెంట సీనియర్లును, వారి వెంట జూనియర్లును, వారి వెంట విద్యార్థుల చూపును హైదరాబాదు దిక్కునకే మరలినవి.

1961 నాటి న్యాయవాదుల చట్టము పాత మెట్లన్నిటిని తొలగించి, ప్లీడరు, వకీలు, బారిష్టరు అను భేదములు లేని ఒకే న్యాయవాద శ్రేణిని నెలకొల్పినది. ప్రకాశంగారు లండనువరకు పోయి సాధించిన హక్కు, ఇక ఏ గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయపు పట్టా గలవానికైనను సమానమే. అంతతో చోటు మార్పు అవసరము తీరిపోవలసినది. కాని వేరొక కంచె లేచినది. 1972-73లో జై ఆంధ్ర ఉద్యమకాలమున కోస్తా కళాశాలలలో నెలల తరబడి తరగతులు జరుగలేదు. ఆ ఉద్యమానంతరము కుదిరిన ఆరు సూత్రముల పథకమునకును, రాజ్యాంగములో చేరిన 371-డి అధికరణమునకును అనుగుణముగా 1974లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు రాష్ట్రమును ఆంధ్ర, ఉస్మానియా, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతములుగా విభజించి, ప్రతి ప్రాంతమున 85 శాతము సీట్లు స్థానికులకు కేటాయించెను. గుంటూరు, ప్రకాశము మండలములు ఆంధ్ర ప్రాంతమునకు చెందినవి. హైకోర్టు హైదరాబాదున, సీటు వాల్తేరు ప్రాంతమున! ఉస్మానియాలో లా చదువగోరిన గుంటూరు విద్యార్థికి మిగిలినది 15 శాతపు ఇరుకు సందు మాత్రమే. తెలంగాణ విద్యార్థుల న్యాయమైన ఆవేదనకు ఆ ఉత్తర్వు సమాధానమని నేను నమ్ముదును. అయినను గుంటూరున స్వంత లా కళాశాలల ఆవశ్యకతను ఆ కంచెయే తీవ్రము చేసినదని కూడ చెప్పక తప్పదు. ఏ.సి. లా కళాశాల, జాగర్లమూడి చంద్రమౌళి లా కళాశాల వంటివి ఆ లోటును తీర్చినవి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1967లో గుంటూరున నెలకొల్పిన స్నాతకోత్తర కేంద్రమే 1976 సెప్టెంబరు 11వ తేదీన నాగార్జున విశ్వవిద్యాలయముగా ఎదిగినది.

తరువాత జాతీయ న్యాయవిశ్వవిద్యాలయములు వచ్చినవి: హైదరాబాదున 1998లో నల్సార్, విశాఖ చెంత 2008లో స్థాపితమై పిదప దామోదరం సంజీవయ్యగారి పేరు ధరించిన విద్యాలయము. బ్రాడీపేటలో నేడు మార్పు మాటయెత్తు విద్యార్థుల మనస్సున తరచుగా మెదలునది ఇట్టి పేర్లే. కాని 2008లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రూపొందించిన న్యాయవిద్యా నియమములు, ఐదేండ్ల సమీకృత కోర్సున ఇతర పట్టా కలదను కారణమున నడుమ ప్రవేశించుటను గాని, నడుమ పట్టా తీసికొని వెడలుటను గాని స్పష్టముగా నిషేధించుచున్నవి. ఒక లా కళాశాలనుండి మరియొకదానికి మారగోరువాడు రెండు విశ్వవిద్యాలయముల సమ్మతిని, ఖాళీ సీటును, ముగించిన సెమిస్టరులకు సమానత్వ నిర్ణయమును సాధింపవలెను. తరగతులకు 70 శాతము హాజరు కావలెనను నియమము ఉన్నచోటను, చేరినచోటను వెన్నంటియే యుండును. మూడేండ్ల కోర్సువారికి 12 వారములు, ఐదేండ్ల కోర్సువారికి 20 వారములు ఇంటర్న్‌షిప్పు తప్పనిసరి. నా చెంతకు సలహాకై వచ్చిన పిల్లలను నేను మొదట అడుగునది ఒకటే: ఇచ్చట నీకు మూతపడిన తలుపు ఏది? గురువులు లేరా, తరగతులు జరుగుట లేదా, ఆడపిల్లకు వసతి లేదా, తండ్రి ఉద్యోగము బదిలీయైనదా? వీనిలో ఏ యొక్కటి యున్నను పొమ్మందును, కాగితములకై తిరుగుటలో తోడ్పడుదును. పేరు మాత్రమే కారణమైనచో, మూడేండ్ల కోర్సులో ఒక యేడు పోగొట్టుకొని పొందు పేరు న్యాయమూర్తి యెదుట మొదటి వాయిదానాటికే అక్కరకు రాదని నిష్కర్షగా చెప్పుదును.

పైగా న్యాయస్థానము మరల కదలినది. రాష్ట్రవిభజన జరిగిన నాలుగున్నర యేండ్లకు, 2019 జనవరి 1వ తేదీనుండి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రత్యేకముగా పనిచేయ నారంభించి, అమరావతి ప్రాంతమున నేలపాడు గ్రామమున నెలకొన్నది. గుంటూరునుండి అది గంట ప్రయాణము. హైదరాబాదున స్థిరపడిన న్యాయవాదులనేకులు విజయవాడకును గుంటూరునకును మకాము మార్చిరి. విద్యాప్రవేశములలో ఉమ్మడి రాష్ట్రపు కోటాలకు విభజన చట్టము విధించిన పదేండ్ల గడువు 2024 జూన్ 2వ తేదీతో ముగిసినది. ఉదయము గుంటూరు కళాశాలలో తరగతి విని, సెలవుదినములలో నేలపాడున రిట్టు పిటిషనులపై వాదములను వినుటకు పోవు విద్యార్థులను నేడు బస్సులలో చూచుచున్నాను. వారిలో కొందరు బ్రాడీపేట సీనియర్ల చెంతనే ఇంటర్న్‌షిప్పు చేయుచున్నారు.